ముప్పై రెండో కిలోమీటరు దగ్గర రెండు కుర్చీలు

జోడుగుళ్ళపాలెం మలుపులో
నీలం గుడారం, రెండు ప్లాస్టిక్ కుర్చీలు,
ఒక నీళ్ల క్యాను, ఒక రిజిస్టరు, నేను.
పక్క గుడారంలో స్ప్రేలు, ఐసు ముక్కలు, స్ట్రెచరు.
నా దగ్గర కట్టు లేదు, మాత్ర లేదు.
బ్యానరు మీద "కాసేపు కూర్చోండి" అని మాత్రం ఉంది.
అదీ గాలికి మడతపడి
"కాసేపు కూ" దగ్గర ఆగిపోయింది.

తెల్లవారుజామున మూడున్నరకి డాక్టరుగారు మరోసారి చెప్పారు:
"రోడ్డంతా కమాన్ కమాన్ అని అరుస్తుంది.
అరవకపోవడమే మీ పని."

ఏడింటికి సముద్రంలోంచి ఎండ
తడవకుండా పైకొచ్చి రోడ్డెక్కింది.
రిజిస్టరులో మొదటి పేరు, పిన్నీసు అడిగిన అమ్మాయిది.
రెండోది, బాత్రూమెక్కడని అడిగిన పెద్దాయనది.

తర్వాత 2417.
అతను పరుగు ఆపినట్టు లేదు,
పరుగే అతన్ని అక్కడ దించేసి వెళ్లిపోయినట్టుంది.
"కాళ్లు బాగానే ఉన్నాయండి" అన్నాడు, నేనడక్కుండానే.
పక్క గుడారంలో నాడి చూశారు, బాగుంది.
బీపీ చూశారు, బాగుంది.
బాగులేనిదేదో దాన్ని కొలిచే పట్టీ
వాళ్ల పెట్టెలో లేదు.

కూర్చున్నాడు.
మొహమంతా చెమట ఆరి ఉప్పు పట్టింది.
పేరు తవిటినాయుడు. గాజువాక. రోలింగ్ మిల్లులో సీ షిఫ్టు.
చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.
మణికట్టు మీద వాచీయే నిమిషానికోసారి
కదలమని కుయ్‌మంది.
చివరికి దాన్ని విప్పి బూటులో కుక్కాడు.

అప్పుడన్నాడు:
"నాతో పరిగెట్టేవోడొకడు ఉండేవోడు మేడమ్.
నిరుడు ఈ బోర్డు దాకా ఇద్దరం వచ్చినాం.
ఈ యేడు వాడు లేడు.
ఏటైందని అడగొద్దు.
ఏప్రిల్లో ఒక రాత్రి నాకు ఫోన్ చేశాడు.
పొద్దున్నే ప్రాక్టీసుందని
నేను ఎత్తలేదు."

నా జేబులో శిక్షణలో ఇచ్చిన చీటీ,
దాని మీద నాలుగు మంచి వాక్యాలు.
చెయ్యి జేబు దాకా వెళ్లి వచ్చేసింది.

ఎదురుగా ఓడలు, ఐదో ఆరో,
రేవులో చోటు కోసం లంగరేసుకుని.
"ఎన్నాళ్లుంటాయవి అలాగ?"
"తెలీదు. ఒక్కోసారి వారం."
"ఎవరూ తిట్టరా?"
"నేనెప్పుడూ వినలేదు."
నవ్వలేదు. ఊపిరి మాత్రం ఒక మెట్టు దిగింది.

నీళ్ల బల్ల దగ్గర కప్పులందిస్తున్న మాసేనమ్మ
రోడ్డు దాటి వచ్చింది జాలారిపేట గొంతుతో.
"ఏటి బావూ, ఒగ్గేసినావేటి?"
నా గుండె గుభేలుమంది.
అనకూడని మాటల జాబితాలో మొట్టమొదటిది అదే.
"ఒగ్గీలేదమ్మా. కూకున్నాను."
"కూకో మరి. నెత్తిన టోపీ ఏదీ?"
భుజం మీది తువ్వాలు తీసి
అతని తల మీద కప్పేసి వెళ్లిపోయింది.

చేపల వాసనేసే ఆ తువ్వాలు కింద
అతను ఏడ్చాడు.
పరిగెత్తేవాళ్లకి
చెమట తుడుచుకుంటున్నట్టే కనిపించి ఉంటుంది.

లేచేటప్పుడు అతని నెంబరు కాగితం వెనక
బుధవారం, నాలుగు గంటలు, చినవాల్తేరు అని రాశాను.
"వాల్తేరా?" అన్నాడు,
ఊరంతా వెటకారానికి వాడే ఆ పేరుని
మొదటిసారి చదువుతున్నవాడిలా.
"వాల్తేరే. నా గదిలోనూ ఇలాంటి కుర్చీలే."

గీత దాటాడో, దారిలో బస్సెక్కాడో నాకు తెలీదు.
రిజిస్టరులో "సమస్య" కింద "కూర్చున్నాడు" అని రాశాను.
"ఇచ్చిన సహాయం" కింద
ఎంత ఆలోచించినా
"తువ్వాలు" తప్ప ఏమీ తోచలేదు.

పదకొండింటికి గుడారం విప్పుతుంటే మాసేనమ్మ వచ్చింది.
"నా తువ్వాలేదమ్మా? ఇచ్చెల్లలేదా ఆ గుంటడు?"
"బుధవారం తెస్తాడు" అన్నాను.
ఆవిడ నమ్మింది.
లారీ కుర్రాళ్లు వచ్చి కుర్చీలడిగితే
ఒకటే ఇచ్చాను ముందు.